ఆర్ట్, ఆర్కిటెక్చర్ చదువుకు జర్మనీ: పర్లాకిమిడి, బరంపురం వైపు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. భువనేశ్వర్‌లో బీఆర్క్ ముగించి, ఇప్పుడు జర్మనీలోని వైమార్‌లో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ చదువుతున్నాను. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి పిల్లలూ, వాళ్లకంటే ఎక్కువగా తల్లిదండ్రులూ ఫోన్ చేసి అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇంజనీరింగుకూ ఎంబీఏకూ వెళ్లేవారికి విశాఖలో, హైదరాబాదులో సలహాలు చెప్పేవారు వీధికొకరు ఉన్నారు. ఆ సంగతులు ఇక్కడ దొరకవు. ఫీజులూ నిబంధనలూ ఏటా మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆయా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లాలా?

ఇది మా పెద్దనాన్నగారి ప్రశ్న. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

వెళ్లి తీరాలని ఏమీ లేదు. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లోనో, అదే ఊళ్లో బాలకృష్ణ దోషీ నెలకొల్పిన ఆర్కిటెక్చర్ స్కూలులోనో సీటు వస్తే కళ్లు మూసుకుని చేరిపోండి. ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైనదిగా చెప్పే ప్రిట్జ్‌కర్ బహుమతిని 2018లో అందుకున్న దోషీ, ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు. ఆయన కట్టిన భవనాల మధ్య చదవడం తక్కువ విషయం కాదు.

అయినా వెళ్లడానికి నాకు కనిపించిన కారణాలు రెండు. మొదటిది వర్క్‌షాపులు. చెక్క, లోహం, మట్టి, అచ్చు, దారం, దేనికి దానికి వేరే గది, నేర్పే మనిషి, సాయంత్రం దాకా తెరిచి ఉండే తలుపు. రెండోది ఫీజు. జర్మనీలోని చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొంత చందా కడితే చాలు. మన ప్రైవేటు కళాశాలల్లో ఒక్క ఏడాదికి కట్టే సొమ్ముతో పోల్చి చూడండి. బతుకు ఖర్చు మాత్రం వేరే లెక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బౌహౌస్ అనే కళ, డిజైన్ బడి పేరు వినే ఉంటారు. 1919లో వాల్టర్ గ్రోపియస్ దాన్ని వైమార్‌లోనే ప్రారంభించారు. 1925లో దెస్సౌకు మారింది, 1933లో మూతపడింది. ఆ బడి గురువులు పాల్ క్లే, కాండిన్‌స్కీ వంటి వారి బొమ్మలు 1922 డిసెంబరులోనే కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి. అంటే వాళ్ల బొమ్మలు మన తూర్పు తీరానికి రావడానికి వందేళ్ల పైమాటే అయింది. ఇక్కడి తోటి విద్యార్థుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. చెప్పినప్పుడల్లా నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

జర్మన్ రాకపోతే సీటు రాదా?

కోర్సును బట్టి. ఇంగ్లిషులో బోధించే మాస్టర్స్ కోర్సులు దెస్సౌలోనూ, వైమార్‌లో కొన్ని విభాగాల్లోనూ ఉన్నాయి. డిగ్రీ స్థాయి ఆర్ట్, ఆర్కిటెక్చర్ కోర్సులు మాత్రం దాదాపు అన్నీ జర్మన్‌లోనే. జర్మన్ నేర్పే గోథె కేంద్రాలు కలకత్తాలోనూ హైదరాబాదులోనూ ఉన్నాయి, ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. మనవాళ్లకు భాష భయం ఉండకూడదని నా అభిప్రాయం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, పరీక్షలో ఇంగ్లిషుతో పెరిగినవాళ్లం. ఇంకొకటి చేరినంత మాత్రాన నాలుక తిరగకుండా పోదు.

పోర్ట్‌ఫోలియోలో ఏమి పెట్టాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మార్కులు వాకిలి దాకా తీసుకువస్తాయి, లోపలికి పిలిచేది పోర్ట్‌ఫోలియో. దీన్ని జర్మన్లు మాపె అంటారు. ఎన్ని పేజీలు, ఏ సైజు అన్నది ఒక్కో చోట ఒక్కో రకం. వాళ్లు ఇరవై పేజీలంటే ఇరవై ఒకటోది చూడరు.

మనవాళ్లు పంపే పోర్ట్‌ఫోలియోలు నాకు చాలా వస్తుంటాయి. అన్నిటిలోనూ అదే గాజు భవనం, అదే సూర్యాస్తమయం, మెట్ల మీద అదే విదేశీ దంపతులు. కంప్యూటర్ గీసిన ఆ బొమ్మల్లో మీరెక్కడా కనిపించరు. పర్లాకిమిడి వాళ్లయితే రాజుగారి కోట ఫోటో చూసి గీసిన ముఖభాగం ఒకటి తప్పకుండా ఉంటుంది. కోట గొప్పదే. మద్రాసు సెనేట్ హౌస్ కట్టిన రాబర్ట్ ఫెలోస్ చిజోమ్ దాని రూపశిల్పి. కానీ ఫోటో చూసి గీసిన కోటలో మీరు తెలుసుకున్నది ఏముంది?

దానికి బదులు టేపు పట్టుకుని మీ ఇంటిని కొలవండి. మన వీధుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు: వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ, ముందు అరుగు, తర్వాత గదులు ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో వెలుతురు కోసం వదిలిన జాగా, చివర పెరడు, నుయ్యి. పక్క గోడలు పొరుగువారితో ఉమ్మడి, కాబట్టి కిటికీ పెట్టే వీలే లేదు. మరి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఒక్క ప్రశ్నకు 1:50 స్కేలులో నిలువు సెక్షన్ (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీసి జవాబు చెబితే, పది గాజు భవనాల కంటే ఎక్కువ చెప్పినట్టు.

నా పోర్ట్‌ఫోలియోలో మా అరుగు పేజీ ఒకటి ఉంది. తాతగారు కట్టించినప్పుడు అది కాళ్లు కిందకు వదిలి హాయిగా కూర్చునేంత ఎత్తు. తర్వాత వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు పెకలించకుండా దాని మీదే కొత్త పొర పోశారు. రోడ్డు పెరిగింది, అరుగు కురచయింది. ఇప్పుడు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, వాన పడితే నీళ్లు నేరుగా గుమ్మంలోకి వస్తాయి. పాత రోడ్డు మట్టాలను చుక్కల గీతలుగా, ఒకదాని మీద ఒకటి గీశాను. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ చుక్కల గీతల గురించే మాట్లాడారు. రంగురంగుల పేజీలను వేలితో తోసేసి ముందుకు వెళ్లిపోయారు.

చేత్తో గీసిన స్కెచ్‌లు పెట్టండి. చెడిపోయిన మోడల్ ఫోటోలు కూడా పెట్టండి, ఎందుకు చెడిందో రెండు వాక్యాలు రాయండి. బృందంగా చేసిన పనిలో మీ వంతు ఏదో స్పష్టంగా చెప్పండి. ఇది ఇక్కడ చాలా గట్టిగా చూస్తారు.

సవర బొమ్మలు, బరంపురం పట్టు అంచులు నా డిజైన్లలో వాడుకోవచ్చా?

గునుపురం నుంచి ఒక చెల్లెలు అడిగింది. వాడుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. ఇడితాల్ అనే సవర గోడబొమ్మ ఇంటి అలంకారం కోసం వేసేది కాదు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, దేవతలకూ పెద్దలకూ మొక్కుగా, దానికి అర్హుడైన మనిషి వేస్తాడు. దాన్ని కత్తిరించి కాఫీ కప్పు మీద అతికించి నా డిజైన్ అంటే, ఇక్కడి గురువులు మొదట అడిగేది ఎవరిని అడిగి తీసుకున్నావు అనే. సరైన ప్రశ్నే. మన ఊళ్లో ఉద్యోగం చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, ఆ తర్వాతే వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆ వరస మనకూ వర్తిస్తుంది.

నేత విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ పేరు ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. నేత పద్ధతిని మాత్రం ఎంతైనా అధ్యయనం చేయవచ్చు. గుడి గోపురం ఆకారపు కుంభం అంచు మగ్గం మీద ఎలా పడుతుందో గళ్ల కాగితం మీద గీసి చూపించండి. బౌహౌస్‌లో నేత విభాగాన్ని నడిపిన గుంటా ష్టోల్‌త్సల్, అక్కడే చదివిన ఆన్నీ ఆల్బర్స్ మగ్గాన్ని కళాశాల పాఠంగా నిలబెట్టినవారు. నేత వీధిలో పుట్టినవారికి ఇక్కడ చిన్నచూపు ఉండదు సరికదా, మగ్గం ముందు మీరే ఇతరులకు చూపించాల్సి వస్తుంది.

సర్టిఫికెట్లలో పేర్లు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉన్నాయి. ఏమి చేయాలి?

సరిహద్దు తెలుగువారి అసలు తలనొప్పి ఇదే. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. ఒడిశా బడిలో చేర్చేటప్పుడు గుమస్తా దాన్ని చివరకు తోస్తాడు, లేదా ఒక్క అక్షరానికి కుదిస్తాడు. అప్పారావు ఒకచోట ఒక్క మాట, ఇంకోచోట రెండు మాటలు. ఒడియాలో రాసిన పేరు మళ్లీ ఇంగ్లిషులోకి వెళ్లేసరికి అకారం ఓకారమవుతుంది. తండ్రి ఆధార్‌లో ఒక స్పెల్లింగు, కొడుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో మరొకటి.

వరస ఇలా పెట్టుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌ను ఆధారంగా తీసుకుని పాస్‌పోర్టు దానికి సరిపోయేలా చేయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ వదలవద్దు. జర్మనీలో బ్యాంకు, బీమా, అద్దె కాగితం, అన్నీ ఆ గడి చూసే నడుస్తాయి. మిగిలిన తేడాలకు, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి ఉంచుకోండి. ఆ తర్వాత ఏపీఎస్ సర్టిఫికెట్. మన చదువు పత్రాలు నిజమైనవేనని ధ్రువీకరించే ఈ పత్రం 2022 నవంబరు నుంచి జర్మనీ విద్యార్థి వీసాకు తప్పనిసరి అయింది, రుసుము 18,000 రూపాయలు. సీటు వచ్చాక చూద్దామనుకుంటే కుదరదు, ముందే మొదలుపెట్టండి.

ఒడియా భాషలో ఉన్న పత్రాలకు అనువాదం కావాలి. ఊళ్లో టైపు చేయించిన అనువాదం చెల్లదు, అధికారిక అనువాదకుడి ముద్ర ఉండాలి.

మాకు విశాఖపట్నం దగ్గర. వీసా పని అక్కడ అవుతుందా?

మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. పెళ్లిళ్లు, ఆసుపత్రి, బంగారం కొనడం అన్నీ అటువైపే. కానీ వీసాకు చూసేది మీ నివాసం. ఒడిశా చిరునామా అయితే మీరు కలకత్తాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. నది అవతలి మీ మేనమామ కొడుకు చెన్నై పరిధిలోకి వెళతాడు. ఇద్దరూ ఒకే రోజు ఒకే కోర్సుకు దరఖాస్తు చేసినా దారులు వేరు, కాబట్టి అతని అనుభవం మీకు పనికిరాదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు గీసిన గీత కదా, ఇంకా పనిచేస్తూనే ఉంది. చదువుకో ఉద్యోగానికో విశాఖలో నిజంగా ఉంటూ, దానికి రుజువు ఉంటేనే మాట మారుతుంది. బంధువుల ఇంటి చిరునామా అప్పు తీసుకోవద్దు.

మొత్తం ఎంత కావాలి?

వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. యూరో వంద రూపాయలు అనుకుంటే దాదాపు 12 లక్షలు. ఆ సొమ్ము మీదే, నెలకు 992 యూరోల చొప్పున మీకే తిరిగి వస్తుంది. అద్దె, బీమా, తిండి అందులోనే. విద్యార్థి ఆరోగ్య బీమాకే నెలకు 140 యూరోలకు పైగా పోతుంది. వైమార్ చిన్న ఊరు కాబట్టి అద్దె మ్యూనిక్ అంత ఉండదు.

ఫీజు లేదన్న మాటను అన్ని చోట్లకూ వర్తింపజేయవద్దు. బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివారు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2024 చలికాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు.

ఎవరూ చెప్పని ఖర్చు మోడల్ సామగ్రి. బూడిదరంగు అట్ట, బాల్సా చెక్క, జిగురు, కత్తి బ్లేడ్లు, పెద్ద సైజు ప్రింట్లు. సెమిస్టర్ చివరి వారాల్లో తిండి ఖర్చును మించిపోతుంది. పై తరగతివారు పారేసే అట్టముక్కలు ఏరుకోవడంలో సిగ్గుపడవద్దు, ఇక్కడ అందరూ ఏరుకుంటారు.

స్కాలర్‌షిప్ దొరుకుతుందా?

విదేశీ విద్యార్థులకు సాయం చేసే జర్మన్ సంస్థ డీఏఏడీ ఆర్కిటెక్చర్ మాస్టర్స్‌కు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్ ఇస్తుంది. పోటీ గట్టిది, పోర్ట్‌ఫోలియో మీదే ఎక్కువ భారం.

కేంద్ర సామాజిక న్యాయ శాఖవారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి మన వైపు తెలిసినవారు తక్కువ. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాలతో పాటు సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకూ అది వర్తిస్తుంది. పశువుల కొమ్ముతో వస్తువులు చేసే కొమ్ము పనివారి పిల్లలు, నేతవారి పిల్లలు తప్పక చూడండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం కావాలి. రెండు మెలికలు ఉన్నాయి. విశ్వవిద్యాలయం ప్రపంచ ర్యాంకింగులో మొదటి 500లో ఉండాలి, కాబట్టి చిన్న ఆర్ట్ స్కూళ్లు అందులోకి రావు. 2022-23 నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద పరిశోధనాంశాలకు ఇవ్వడం మానేశారు. చేతివృత్తి కుటుంబం పిల్లవాడు తన చేతివృత్తి చరిత్ర చదువుతానంటే డబ్బు రాదన్నమాట. ఈ నిబంధన పెట్టినవారి ఆలోచన నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. గిరిజన విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ వేరే పథకం నడుపుతుంది.

తరగతులు ఎలా ఉంటాయి?

సెమిస్టర్‌కు ఒక పెద్ద డిజైన్ ప్రాజెక్టు. దాన్ని ఎంట్‌వుర్ఫ్ అంటారు. వారానికోసారి గురువు బల్ల దగ్గరకు వచ్చి కూర్చుని మీ పని చూస్తారు, దాని పేరు కొరెక్టూర్. మాట మెత్తగా ఉండదు. బాగుందని అనరు, ఈ గోడ ఎందుకు అని అడుగుతారు. మీ జవాబు వినడానికి మాత్రం నిజంగా ఆగుతారు. గురువును పేరు పెట్టి ఎదురు ప్రశ్న వేయడానికి నాకు మొదట నోరు రాలేదు. వేయకపోతే నీకు అభిప్రాయం లేదనుకుంటారని తెలిశాక వచ్చింది. ఉపన్యాసం అయ్యాక చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద తడతారు. మొదటిసారి విన్నవారికి కోపమొచ్చిందేమో అనిపిస్తుంది.

మార్కులు మనకు తలకిందులు: 1.0 అంటే అత్యుత్తమం, 4.0 గట్టెక్కడం, 5.0 తప్పడం. ఇంటికి ఫోన్ చేసి ఒకటి వచ్చిందని చెప్పే ముందు ఈ సంగతి వివరించండి.

మన దగ్గర నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందా?

ఒక్క ఉదాహరణ. వర్క్‌షాపులో యాక్రిలిక్ రేకును వేడి తీగ మీద మెత్తబరిచి వంచడం నేర్పుతున్నారు. ఎంత వేడి చేయాలి, ఎప్పుడు వంచాలి అన్నది అందరికీ సమస్య. తొందరపడితే పగులుతుంది, ఆలస్యమైతే బుడగలు లేస్తాయి. పర్లాకిమిడి కొమ్ము పనివారు చేసేది సరిగ్గా ఇదే. పశువుల కొమ్మును నిప్పు సెగన తిప్పుతూ, మెత్తబడిన క్షణాన అదిమి, చల్లారేదాకా పట్టి ఉంచుతారు. చిన్నప్పుడు ఆ కొట్ల ముందు నిలబడి చూసినవారికి ఆ క్షణం కంటితోనే తెలుస్తుంది: మెరుపు మారుతుంది, అంచు కొద్దిగా వాలుతుంది. అది చూపించాక వర్క్‌షాపు పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, కొమ్ము గురించి చాలాసేపు అడిగాడు.

ఇంకొకటి, తుపాను. ఇక్కడ పైకప్పు లెక్క మంచు బరువుతో మొదలవుతుంది, అంటే కిందకు నొక్కే బలం. మనకు గాలి రేకును పైకి లాగుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత గజపతి జిల్లాలో ఎగిరిపోయిన కప్పులూ, విరిగిపడిన కొండచరియలూ చూసినవారికి ఆ తేడా చెప్పనవసరం లేదు. రేకును గోడకు పట్టి ఉంచే కొక్కెం ఎక్కడ ఊడిందో గీసి చూపిస్తే, అది మంచి ప్రాజెక్టుకు ఆరంభం.

తిండి?

దొరుకుతుంది. చింతపండు, కందిపప్పు కోసం ఎర్ఫుర్ట్ దాకా రైలెక్కితే సరి, పావుగంట. విద్యార్థి భోజనశాలలో శాకాహారం రోజూ ఉంటుంది, ఉప్పు కారం మాత్రం మీ సంచిలో ఉండాలి.

చదువుతూ పని చేయవచ్చా?

ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయవచ్చు. ఆర్కిటెక్చర్ ఆఫీసులో మోడల్ పని దొరికితే హోటల్ పనికంటే నయం. ఆ సంపాదన మీద ఆధారపడి అప్పు చేయవద్దు.

అమ్మాయిని ఒంటరిగా పంపవచ్చా?

నేను ఒంటరిగానే వచ్చాను. రాత్రి స్టూడియో నుంచి నడిచి వెళ్లడానికి భయపడింది లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడడం, వారాల తరబడి ఎండ మొహం చూడకపోవడం మాత్రం మనసు మీద పడుతుంది. అది అబ్బాయిలకూ అంతే. అద్దె గది విషయంలో జాగ్రత్త: గది చూడకుండా ముందే డిపాజిట్ పంపమనేవారిని నమ్మవద్దు. వీలైతే విద్యార్థి వసతి గృహానికి సీటు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.

తిరిగి వస్తే ఈ డిగ్రీ చెల్లుతుందా?

ఇండియాలో బీఆర్క్ చేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారికి చిక్కు లేదు, ఆ నమోదు అలాగే ఉంటుంది. ఇంటర్ తర్వాత నేరుగా విదేశంలో బ్యాచిలర్స్ చేద్దామనుకునేవారు మాత్రం ఆగి ఆలోచించండి. ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకోవడానికి 1972 చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి. ఆ విదేశీ డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో చేరకముందే కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి. ఇంటీరియర్, గ్రాఫిక్, ప్రోడక్ట్ డిజైన్ వారికి ఈ బెడద లేదు.

జర్మనీలో ఉండిపోదామంటే, చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. అక్కడ కూడా ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకోవాలంటే ఆ రాష్ట్ర ఆర్కిటెక్టుల మండలిలో చేరాలి, సాధారణంగా రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వారి జీతం ముందు చిన్నబోతుంది. పెళ్లి సంబంధాల మాటల్లో దీన్ని దాచవద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

చలికాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. దానికి ఏడాదిన్నర ముందు భాష, ఏడాది ముందు పేర్ల సవరణ, ఏపీఎస్. దరఖాస్తు గడువులు చాలా చోట్ల వసంతంలోనే ముగుస్తాయి, కొన్ని ఆర్ట్ కోర్సులకు ఇంకా ముందే. పోర్ట్‌ఫోలియోకు తేదీ లేదు. ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు కొలతల టేపు, గళ్ల కాగితాలు, పెన్సిల్ తీసుకువెళ్లండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టండి. కొలత రాసేటప్పుడు ఏ గోడ నుంచి ఏ గోడకో పక్కనే రాసుకోండి. భువనేశ్వర్ తిరిగి వచ్చాక గుర్తుండదు.